ఉల్టా సాలు

తాహిర్ భాయ్ ఇప్పుడు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూల మూటలు దించుతున్నాడు. నిరుడు ఇదే నెలలో వరి పరిశోధన ఫారంలో నాతోపాటు కాంట్రాక్టు కూలీ. ఆ ఫారం పేరు నేను రాయను. రాసినా అక్కడ ఎవరికీ ఏమీ కాదు. అక్కడ ఏమన్నా అయితే కూలోళ్లకే అవుతుంది.

మార్కెట్‌లో హమాలీలు ఆయన్ను 'ఉల్టా తాహిర్' అంటారు. "ఉల్టా భాయ్, మూట ఎత్తుతున్నవా దించుతున్నవా?" అని నవ్వుతారు. ఆ పేరు ఎక్కడ పుట్టిందో వాళ్లకు తెలియదు. జోకు ఆటో ఎక్కి ఫారం నుంచి మార్కెట్ దాకా వచ్చింది. దాని వెనక జరిగిన సంగతి మాత్రం ఫారం గేటు దాటలేదు. అందుకే రాస్తున్నాను.

ఆయనది పరిగి దిక్కు ఒక పల్లె. ఊళ్లో ఉన్న రెండు మూడు ముస్లింల ఇళ్లలో ఆయన ఇల్లు ఒకటి. ఇంట్లో సగం దక్కనీ ఉర్దూ, సగం తెలుగు. బడి మాత్రం పూర్తి తెలుగు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాడు, పాసయ్యాడు. ఆయన తెలుగు రాత గుండ్రంగా, పేర్చినట్టు ఉంటుంది. ఉర్దూ మాట్లాడతాడు. ఉర్దూ అక్షరం మాత్రం ఒక్కటి రాదు. ఆ ఊళ్లో నేర్పేవాళ్లు లేరు, అడిగినవాళ్లూ లేరు.

కిషన్‌బాగ్‌లో జుల్ఫికర్ సాబ్ బిడ్డ సుగ్రాను చేసుకొని ఇల్లరికం వచ్చాడు. జుల్ఫికర్ సాబ్ కాతిబ్. అంటే కంప్యూటర్లు రాకముందు ఉర్దూ పత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చేత్తో రాసిన మనిషి. రెల్లు కలం, నల్ల సిరా, మోకాలి మీద అట్ట. కంప్యూటర్ వచ్చినంక ఆ పని పోయింది. మనిషి పోలేదు, ఆ గర్వమూ పోలేదు.

సంబంధం చూడటానికి వచ్చినప్పుడు ఆయన కాబోయే అల్లుణ్ణి చదవడం, రాయడం వచ్చా అని ఒక్కటే అడిగాడట. "పఢ్నా లిఖ్నా ఆతా?"

"జీ, ఆతా" అన్నాడు తాహిర్ భాయ్.

ఇద్దరూ నిజమే మాట్లాడారు. ఆ ఇంట్లో చదువు అంటే ఉర్దూ. ఈయన ఊళ్లో చదువు అంటే తెలుగు. అంతే తేడా. పెళ్లయిన వారానికి సంగతి అర్థమైంది. సుగ్రా కొంగు నోట్లో కుక్కుకొని నవ్విందట. ఆ తర్వాత ఏడ్చిందట. "బాబాకు చెప్పకు. ఆయనకు మిగిలింది అదొక్కటే" అందట. అప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు. ముసలాయన తన పత్రిక తనే చదువుకునేవాడు.

షుగర్ వచ్చి ఆయన కళ్లు పోయాక మొదలైంది లొల్లి.

"బేటా, నువ్వు చదువు. నేను వింట" అన్నాడు.

ఇంట్లో ఇంకెవరు చదువుతారు? సుగ్రాకు ఖురాను చదవడం వచ్చు, పత్రిక రాదు. లక్షల అక్షరాలు అందంగా రాసిన మనిషి సొంత బిడ్డను బడికి పంపలేదు. ఆడపిల్లకు ఎందుకన్నాడు. కొడుకు అమీర్‌ను పంపాడు. అమీర్ బడి గోడ దూకి గ్యారేజీలకు పోయి డ్రైవింగ్ నేర్చుకున్నాడు. తాహిర్ భాయ్ బిడ్డ, మనవరాలు ఆఫియా ఇంగ్లీషు మీడియం. కాతిబ్ గారి ఇంట్లో ఉర్దూ పత్రిక చదివేవాళ్లు ఒక్కరూ లేరు. ఆ ముక్క కాతిబ్ గారికి తప్ప ఇంటిల్లిపాదికీ తెలుసు. కాదు, అమీర్‌కు కూడా తెలియదు. బావ చదువుతాడనే అతను నమ్మాడు. ఆ నమ్మకమే తర్వాత కొంప ముంచింది.

నాది బహదూర్‌పురా. రోజూ తాహిర్ భాయ్ బండి మీదే ఇద్దరం ఫారానికి పోయేవాళ్లం. అన్నం తినే టైములో ఆఫీసు వరండాలో ఉండే తెలుగు పత్రికను ఆయన ఈ మూల నుంచి ఆ మూల దాకా చదివేవాడు. రాజకీయాల పిచ్చి అనుకున్నాను. ఒక సాయంత్రం వాళ్లింటికి పోయినప్పుడు కథ తెలిసింది. ముసలాయన మంచం మీద కళ్లు మూసుకొని కూర్చున్నాడు. ఎదురుగా తాహిర్ భాయ్, ముఖానికి అడ్డంగా ఉర్దూ పత్రిక. పగలు తెలుగులో చదివిన వార్తలన్నీ దక్కనీలో చెప్తున్నాడు, మధ్యమధ్యలో పేజీ తిప్పుతున్నాడు.

"ఇదేంది బేటా, ఈ మధ్య అఖబార్ నిండా యూరియానే ఉంటుంది?" అన్నాడు జుల్ఫికర్ సాబ్. "ముషాయిరా ఖబర్ ఏం లేదా?"

"ఉంది బాబా. నాంపల్లిలో అయింది. మస్తు మంది వచ్చిన్రంట."

"ఏ ఏ కవులు చదివిన్రు?"

"పేర్లు రాయలే బాబా."

"తౌబా! పేర్లు రాయని అఖబార్ ఏం అఖబార్?" అని ముసలాయన తిట్టాడు. "మా పాత కాతిబ్‌లు ఎవరన్నా పోయిన్రా? చివరి పేజీలో చూడు."

"ఎవరూ పోలే బాబా. అందరు మంచిగున్నరు."

వార్తలు ఎన్నయినా కల్పించగలడు కాని చావు కల్పించలేడు కదా. చేతిలో ఉన్న కాగితంలో ఎవరి చావు ఉందో తెలుసుకోనూ లేడు. కళ్లు పోయిన నాటి నుంచి జుల్ఫికర్ సాబ్ దోస్తులు ఒక్కరూ చనిపోలేదు.

మర్నాడు బండి మీద తాహిర్ భాయ్ వెనక్కి తిరగకుండానే అడిగాడు. "ఎవ్వరికి చెప్పకు తమ్మీ."

"నాకెందుకు భాయ్" అన్నాను.

ఇక ఫారం సంగతి. వరిలో కొత్త రకం తయారు చేయడం అంటే రెండు రకాలను కలిపి, వాటికి పుట్టిన పిల్లల్లో మంచివి ఏరి, మళ్లీ వేసి, మళ్లీ ఏరడం. ఏళ్లు పడుతుంది. మా పెద్ద శాస్త్రవేత్త వేణుగోపాల్ సార్ అట్లా ఒక సన్న రకం కోసం పదేళ్లుగా కూర్చున్నాడు. దోమపోటుకు తట్టుకోవాలి, బియ్యం సన్నగా ఉండాలి. చివరికి ఒకే తల్లికి పుట్టిన అక్కచెల్లెళ్ల లాంటి రకాలు మిగిలాయి. చూడటానికి అన్నీ ఒకటే. ఏది మేలో తేల్చాలంటే పక్కపక్క మడుల్లో వేసి, పండించి, తూకం వేయాలి.

ఆ మడుల్లో నారు కట్టలు పెట్టే పని తాహిర్ భాయ్‌ది. ప్రతి కట్టకూ నంబరు చీటీ ఉంటుంది. కట్టలు అక్కడే డ్రైవర్‌గా ఉన్న అమీర్ ట్రాక్టరు మీద తెస్తాడు, నేను అందిస్తాను, తాహిర్ భాయ్ మడికొకటి పెట్టుకుంటూ పోతాడు, వెనక ఆడవాళ్లు నాటుతారు. మొదటి వరుస ఎడమ నుంచి కుడికి. గట్టు రాగానే రెండో వరుస అక్కడి నుంచే మొదలుపెట్టి వెనక్కి. నాగలి గట్టు దాకా పోయి సాలు తిప్పుకొని వస్తుంది గాని, ఖాళీగా మొదటికి నడిచొచ్చి మళ్లీ మొదలు పెట్టదు కదా. మా ఫారంలో మొదటి నుంచీ అదే పద్ధతి. ఎవరో సారే నేర్పారు.

చీటీలు బురదలో నానిపోతాయి. తర్వాత ఆఫీసు నుంచి మ్యాప్ తెచ్చి, అందులో ఉన్నట్టు ఒక్కో మడికీ నంబరు రేకు బిగిస్తారు. ఆ ఏడు మ్యాప్ కొత్తగా కంప్యూటర్‌లో వేశారు. వేసింది అభిజ్ఞ మేడం, సార్ కింద పీహెచ్‌డీ చేసే అమ్మాయి. కంప్యూటర్ నాగలి పట్టలేదు కదా. పుస్తకంలో లైన్ల లాగా ప్రతి వరుసనూ ఎడమ నుంచే మొదలుపెట్టింది. సార్ సంతకం పెట్టాడు. రేకులు బిగించారు. రెండో వరుస మొత్తం తలకిందులైంది. అక్క పేరు చెల్లెకు, చెల్లె పేరు అక్కకు.

కోతలయ్యాయి. తూకంలో ఒక నంబరు గెలిచింది. గోదాములో ఉన్న ఆ నంబరు విత్తనాన్ని యాసంగికి నాలుగైదు ఊళ్ల రైతులకు పరీక్షకు ఇచ్చారు. గెలిచిన మడిలో ఉన్నది ఒకటి, రైతులకు పోయింది ఇంకొకటి. గింజ పాలు పోసుకునే టైముకు దోమ పడింది. మడులు మడులే కాలినట్టయ్యాయి. రైతులు ఎండిన దుబ్బులు ట్రాలీలో వేసుకొచ్చి ఫారం గేటు ముందు పోశారు. ఒకాయన దుబ్బు పట్టుకొని అందరి ముఖాల ముందూ ఆడించాడు. "ఇదేనా మీ రకం? మా గడ్డ మీద చేసిన్రు గదరా మీ పరీక్ష!" అన్నాడు.

పైనుంచి ఒక పెద్దసారు విచారణకు వచ్చాడు. ల్యాబ్‌లో దాచిన ఆకులు పరీక్ష చేస్తే రెండో వరుస ఉల్టా అయిందని తేలింది. ఎట్లా అయింది? కట్టలు పెట్టిన ముగ్గురినీ లోపలికి పిలిచారు. అవి మామూలు రోజులు కావు. ఏళ్లుగా పనిచేస్తున్న కూలీలను పర్మినెంట్ చేయాలని ఆర్డర్ వచ్చిన రోజులు. తాహిర్ భాయ్ పేరు అందులో ఉంది. పేరు మీద మచ్చ ఉన్నవాళ్లను తీసేస్తారని అందరికీ తెలుసు. బయట బండి ఆపేటప్పుడు ఆయన అన్నాడు, "ఇగ ఒక్క సంతకం తమ్మీ. తర్వాత ఈ కాంట్రాక్టరు ముఖం చూసే పని లేదు."

లోపల పెద్దసారు నీళ్లు తాగి అడిగాడు. "రెండో వరుస ఎట్లా పెట్టావయ్యా?"

"ఎప్పటి లెక్కనే పెట్టిన సార్."

"ఎప్పటి లెక్క అంటే? చీటీల మీద నంబర్లుంటాయి, చదవాలి." వేణుగోపాల్ సార్ వైపు తిరిగాడు. "చదువు రానివాళ్ల చేతికి ట్రయల్ ఎందుకు ఇస్తారండీ?"

తాహిర్ భాయ్ ఏదో అనబోయాడు. ఈలోపే అమీర్ ముందుకొచ్చాడు. బావను చదువు రానివాడన్నారని అతని ముఖం ఎర్రబడింది.

"గట్లనకుండ్రి సార్! మా దుల్హేభాయ్ అన్‌పఢ్ కాదు. కాతిబ్ జుల్ఫికర్ సాబ్ అల్లుడు సార్! రోజు మగ్రిబ్ నమాజ్ అయినంక మా బాబాకు ఉర్దూ అఖబార్ మొత్తం చదివి వినిపిస్తడు. ఒక్క ఖబర్ ఇడువడు. కావాలంటే కిషన్‌బాగ్‌ల ఎవర్నన్న అడుగుండ్రి."

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. ముఖంలో నవ్వు మెల్లగా విచ్చుకుంది.

"ఉర్దూ చదువుతాడా? ఓహో. అదీ సంగతి. కుడి నుంచి ఎడమకు! అలవాటు కదండీ, చెయ్యి అటే పోయింది."

గదిలో అందరూ నవ్వారు. టీ తెచ్చిన మనిషి కూడా నవ్వాడు. అంత పెద్ద చిక్కు ఒక్క జోకుతో విడిపోయింది కదా, అందరి ప్రాణం లేచొచ్చింది. అమీర్ నవ్వలేదు. తను ఏం చేశాడో అతనికి ఇంకా అర్థం కాలేదు.

నేనన్నాను, "సార్, అట్లయితే మొదటి వరుస కూడ ఉల్టా కావాలె కద సార్? అది మంచిగనే ఉంది కద?"

"నిన్నడిగారా? నువ్వాగు."

ఆగాను. ఆగకపోతే ఏమయ్యేది? అక్కడ కూలోడి నోటి నుంచి వచ్చేది మాట కాదు, చప్పుడు.

పెద్దసారు మళ్లీ అడిగాడు. "చెప్పవయ్యా. ఉర్దూ చదువుతావా లేదా?"

తాహిర్ భాయ్ అమీర్ వైపు చూశాడు. అమీర్ బావ వైపు చూస్తూ, 'చెప్పండి' అన్నట్టు తల ఊపుతున్నాడు. "నాకు ఉర్దూల అలీఫ్ అక్షరం కూడా రాదు సార్, తెలుగు మీడియం సార్" అంటే చాలు. ఆ జోకు అక్కడే చచ్చిపోతుంది. వేరే కారణం వెతకాలి, అప్పుడు మ్యాప్ బయటికి తీయాలి. నౌకరీ నిలుస్తుంది. కాని సాయంత్రానికి ఆ మాట అమీర్ నోటి నుంచి మంచం మీద ఉన్న మనిషి చెవికి చేరుతుంది. అన్నేళ్లు విన్నదంతా అబద్ధమని తెలుస్తుంది.

"చదువుత సార్" అన్నాడు.

"మరి పొరపాటున చెయ్యి అట్లా పోయి ఉంటుందా?"

"పోయి ఉండొచ్చు సార్."

అయిపోయింది. ఇరవై ఏళ్ల నౌకరీ ఆ ఒక్క మాటతో పోయింది. పర్మినెంట్ ఆర్డర్లలో ఆయన పేరు రాలేదు. కాంట్రాక్టరు కూడా ఇక రావద్దన్నాడు. చివరి రోజు ఫారంలో నాట్లు వేసే సుజన తప్ప ఎవరూ సరిగా మాట్లాడలేదు. "భాయ్, రేపటి నుంచి బస్సు వెనక డోర్ల నుంచి ఎక్కుతవా?" అని ఒకడు, "అన్నం గుడ ఆఖరి ముద్ద నుంచి తింటవా?" అని ఇంకొకడు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. రేపు తమ మీద పడితే ఇంకొకరు నవ్వుతారని తెలిసినవాళ్లు, ఈ రోజు తమ వంతు నవ్వేసుకున్నారు.

నేను వేణుగోపాల్ సార్ దగ్గరికి పోయాను. ఆయన మంచి మనిషని అందరూ అనేవారు. అప్పటికి నేనూ అనుకునేవాణ్ణి.

"సార్, తాహిర్ భాయ్‌కి ఉర్దూ చదవరాదు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తెలుసు."

"తెలుసా?"

"మస్టర్‌లో ఇన్నేళ్లుగా తెలుగులో సంతకం పెడుతున్నడు. నా సంతకం కన్నా మంచిగుంటది. చూస్తలేనా?"

"మరి చెప్పకపోతిరి సార్?"

"ఆయనే ఒప్పుకున్నడు కదా. ఒప్పుకున్న మనిషిని నువ్వు చేయలేదని నేనెట్ల అంట?" గొంతు తగ్గించాడు. "మ్యాప్ బయటికొస్తే ఆ అమ్మాయి చదువు ఆగిపోతది. వాళ్లింట్ల ఆమెదే మొదటి పీహెచ్‌డీ. అర్థం చేసుకో."

"తాహిర్ భాయ్ ఇంట్ల ఆయనదే మొదటి పర్మినెంట్ సార్."

ఆయన కళ్లద్దాలు పెట్టుకొని కంప్యూటర్ వైపు తిరిగాడు. నాకు అన్నిటికన్నా మంట పుట్టించింది ఏమిటంటే, ఆ వరుస ఉల్టా అయిందని తేలడంతో ఆయనకు నష్టం ఏమీ జరగలేదు. నంబర్లు సరిచేసుకుంటే అసలు గెలిచిన రకం దొరికింది. ఈ వానాకాలం అది విడుదల కూడా అయింది. ఫొటోలో ఆయన, అభిజ్ఞ మేడం, చేతుల్లో కంకులు. నేను పుస్తకాల్లో చదివాను, పంట మెరుగు చేయడమంటే చెడ్డవాటిని ఏరి పారేయడమేనట. ఎవరు ఏరుతున్నారో మాత్రం ఆ పుస్తకాల్లో ఉండదు.

ఇంటి దగ్గర అనుకున్నట్టు జరగలేదు. అంతకన్నా ఘోరం జరిగింది. అమీర్ ఏడుస్తూ తండ్రికి సంగతంతా చెప్పాడు. జుల్ఫికర్ సాబ్ విన్నాడు, బాధపడలేదు. పొంగిపోయాడు.

"సుబ్‌హానల్లా! చూసిన్రా? బురదల నిలబడ్డా వాని చెయ్యి మన ఉర్దూ జబాన్ దిక్కే పోయింది!" అన్నాడట. జుమ్మా రోజు మసీదు మెట్ల మీద ఎదురైన వాళ్లందరికీ చెప్పాడు. "కంప్యూటర్ల కాలం వచ్చింది. మా అల్లుని చెయ్యి మాత్రం మారలే. నౌకరీ పోయింది, పోనీ. ఖత్ కోసం, మన రాత కోసం పోయింది." చాయ్ హోటల్‌లో ముసలివాళ్లు తాహిర్ భాయ్ భుజం తట్టారు. ఒకాయన ఉర్దూలో ఉన్న పాత కోర్టు కాగితం తెచ్చి, చదివి పెట్టు బేటా అన్నాడు. పనుంది చాచా అని లేచి వచ్చేశాడు. మర్నాడు ఇంకొకాయన పెళ్లి కార్డు తెచ్చాడు. ఫారంలో నవ్వులాటను ఓర్చుకున్న మనిషి కిషన్‌బాగ్‌లో ఆ మెచ్చుకోలును ఓర్చుకోలేకపోయాడు. సుగ్రా చెప్పింది నాకు. "తమ్మీ, ఆయన అన్నం తింటలేడు. బాబా పొగిడినప్పుడల్లా పళ్లెం పక్కకు పెడుతుండు."

ఒక సాయంత్రం తాహిర్ భాయ్ పత్రిక విప్పి, చదవడం మొదలుపెట్టలేదు.

"బాబా, నాకు ఉర్దూ చదవరాదు. ఎప్పుడూ రాలే."

జుల్ఫికర్ సాబ్ నవ్వాడు. "క్యా మజాక్ కర్రా?"

"మజాక్ కాదు బాబా. నేను తెలుగు బడిల చదివిన. పగటి పూట తెలుగు పత్రికల చూసి పొద్దుమీకి మీకు చెప్పిన. గింతే."

ముసలాయన నవ్వు ఆపాడు. తర్వాత అడిగాడు. "ఎవరు చెప్పమన్నరు నీకు? ఆ ఫారమోళ్లా? గిట్ల చెప్తే నౌకరీ మళ్ల ఇస్తమన్నరా?"

"కాదు బాబా, ఖుదా కసమ్."

"కసమ్ తినకు! ఇన్నేండ్లు నా కండ్లయి చదివినవ్. నేను విన్న. నా చెవులు అబద్ధమా? ఇప్పుడు రొట్టె కోసం నీ జబాన్‌నే కాదంటున్నవా?" చెయ్యి చాపి తడుముకొని, తాహిర్ భాయ్ చేతిలోంచి పత్రిక లాక్కున్నాడు. మడిచి తల కింద పెట్టుకున్నాడు. "నౌకరీ పోయినోడు మళ్ల బతుకుతడు. నువ్వు జబాన్‌నే అమ్ముకున్నవ్. జా, ఇంక నాకు చదవకు."

సుగ్రా వచ్చి, నిజమే బాబా, నాకు మొదటి నుంచి తెలుసు అని చెప్పింది. మొగుని పక్షం మాట్లాడుతున్నవని ఆమెనూ తిట్టాడు. అమీర్ తండ్రినే నమ్మాడు. నాతో కూడా అన్నాడు, "దుల్హేభాయ్ నౌకరీ కోసం ఝూట్ చెప్తుండన్నా. నా ముందల్నే సార్‌కు చదువుత అన్నడు కద?" చదువు వచ్చని ఎవరైనా చదివి చూపించవచ్చు. రాదని ఎట్లా చూపిస్తారు? గుడ్డి మనిషి ముందు మరీ ఎట్లా చూపిస్తారు?

ఇప్పుడు సాయంత్రాలు అమీర్ ఫోన్‌లో ఉర్దూ వార్తలు పెట్టి మంచం మీద ఉంచుతాడు. ముసలాయన అల్లునితో మాట్లాడడు. మాట్లాడాల్సి వస్తే ఆఫియాతో చెప్పిస్తాడు. తాహిర్ భాయ్ తెల్లారకముందే మార్కెట్‌కు పోతాడు, అందరూ తిన్నాక ఇంటికొస్తాడు.

మొన్న గుడిమల్కాపూర్ పోయి కలిశాను. బంతి మూటల మీద కూర్చొని ఉన్నాడు. చేతులు పసుపుపచ్చగా ఉన్నాయి. చాయ్ తెప్పించాడు. అడగొద్దనుకుంటూనే అడిగాను.

"సారు అడిగిన నాడు చెప్తే నౌకరీ మిగులుతుండె కద భాయ్. అప్పుడు దాచి, అంతా పోయినంక ఎందుకు చెప్పినవ్?"

ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"అప్పుడు చెప్తే నౌకరీ కోసం చెప్పినట్టయితుండె తమ్మీ. ఎవరికీ ఏం పనికి రానప్పుడు చెప్తే నమ్ముతరనుకున్న."

ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. ఎవరో "ఉల్టా భాయ్!" అని కేకేశారు. చాయ్ అట్లాగే వదిలేసి లేచి, మూట కింద వీపు పెట్టాడు.